సమీకరణాల సాధన – మూడవ పాఠం: కావలసిన చలరాశిని ఒకవైపుకు తేవడం

గత రెండు పాఠాలలో ఒకే చలరాశి ఉన్న సమీకరణాలను సాధించాము. వాటిలో జవాబు ఒక సంఖ్య. ఈ పాఠంలోని సమీకరణాలలో రెండు, మూడు అక్షరాలు ఉంటాయి. వాటిలో ఒకదానిని మిగిలినవాటి పదాలలో వ్యక్తపరచాలి కాబట్టి జవాబుగా మరొక సూత్రం వస్తుంది. నియమం మాత్రం మారదు: సమాన గుర్తుకు ఒకవైపు ఏ పని చేస్తే రెండోవైపు మొత్తానికీ అదే పని చేయాలి. ‘అటు పోతే గుర్తు మారుతుంది’ అని బడిలో నేర్చుకున్న పక్షాంతరం ఈ నియమానికి కుదించిన రూపమే. అయితే గుర్తు మారేది కూడిక, తీసివేతలలో ఉన్న పదానికే తప్ప గుణకానికి కాదన్న సంగతి ఆ కుదింపులో మరుగున పడుతుంది. అందువల్ల చేయి తిరిగేదాకా ప్రతి మెట్టునూ పూర్తిగా రాయండి.

ఫారెన్‌హీట్, సెల్సియస్ డిగ్రీల సంబంధాన్ని తీసుకుందాం.

ఫా = (9/5) × సె + 32

మనకు ‘సె’ కావాలి. ముందుగా ‘సె’కు ఏయే పనులు ఏ వరుసలో జరిగాయో చూడాలి: మొదట 9/5తో గుణించారు, తరువాత 32 కలిపారు. విప్పేటప్పుడు చివర జరిగిన పనిని ముందు విప్పాలి. రెండు వైపులా 32 తీసివేస్తే ఫా − 32 = (9/5) × సె అవుతుంది; ఇప్పుడు రెండు వైపులా 5/9తో గుణిస్తే,

సె = (5/9) × (ఫా − 32)

98.6 ప్రతిక్షేపిస్తే 66.6లో తొమ్మిదింట అయిదు వంతులు, అంటే సరిగ్గా 37 వస్తుంది. కుండలీకరణం మరచి (5/9) × ఫా − 32 అని రాసినవారికి సుమారు 22.8 వస్తుంది, ఆరోగ్యవంతుల ఒంటి వేడి అంత తక్కువగా ఉండదు కనుక తప్పు వెంటనే బయటపడుతుంది. ఈ వెనుకకు విప్పే పద్ధతి మనకు చాలా పాతది. క్రీ.శ. 499 నాటి ఆర్యభటీయంలోని గణితపాదంలో, విలోమంలో గుణకాలు భాజకాలవుతాయనీ, భాజకాలు గుణకాలవుతాయనీ, కలిపినది తీసివేత, తీసివేసినది కూడిక అవుతాయనీ ఒక్క శ్లోకంలో చెప్పారు.

కావలసిన అక్షరం రెండు చోట్ల ఉన్నప్పుడు ఈ ఒక్క పద్ధతి చాలదు. అసలు కష్టం అక్కడే. మన ఊళ్లలో ‘నూటికి రెండు రూపాయల వడ్డీ’ అంటే వందకు నెలకు రెండు రూపాయలు. అసలు ‘అ’, నూటికి నెలవారీ వడ్డీ ‘ర’, నెలలు ‘న’, తిరిగి చెల్లించే మొత్తం ‘మొ’ అనుకుంటే, బారువడ్డీ లెక్కలో

మొ = అ + (అ × ర × న)/100

ఇందులో ‘అ’ కావాలి. అ = మొ − (అ × ర × న)/100 అని రాసి ఆగిపోయేవారు చాలామంది. ఆ వాక్యం నిజమే గాని సాధన కాదు, ఎందుకంటే ‘అ’ తెలియనిదే కుడివైపు విలువ కట్టలేము. ‘అ’ ఉన్న పదాలన్నీ ఒకే వైపు ఉంచి, దానిని ఉమ్మడి కారణాంకంగా బయటకు తీయాలి: మొ = అ × (1 + ర × న/100). రెండు వైపులా 100తో గుణించి, 100 + ర × న తో భాగించాలి. ర, న ధన సంఖ్యలు కనుక ఆ భాజకం సున్నా కాదు.

అ = (100 × మొ)/(100 + ర × న)

రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన అప్పుకు ఏడాది తరువాత 62,000 రూపాయలు కట్టారనుకోండి. 62,00,000ను 124తో భాగిస్తే అసలు 50,000. ఏడాది వడ్డీ 24 శాతమే కదా అని 62,000 నుంచి 24 శాతం తీసివేస్తే 47,120 వస్తుంది; దానికి 24 శాతం వడ్డీ కలిపి చూడండి, 58,428 రూపాయల 80 పైసలే అవుతుంది. వడ్డీ కట్టింది అసలు మీద, మొత్తం మీద కాదు. ఉమ్మడిగా తీసిన మెట్టు కాపాడుతున్నది ఈ తేడానే.

అభ్యాసం: పై సూత్రాన్నే ‘న’ కోసం సాధించి, ఇవే అంకెలతో 12 వస్తుందో లేదో సరిచూడండి. తరువాత 3క + 4గ = 24లో ‘గ’ను ‘క’ పదాలలో వ్యక్తపరచండి; 4తో భాగించేటప్పుడు 24నూ 3కనూ రెండింటినీ భాగించాలి. క = 4 అయితే గ = 3 రావాలి. ఈ రెండో జవాబును దాచి ఉంచండి, నాలుగవ పాఠంలో దానిని మరొక సమీకరణంలో ప్రతిక్షేపిస్తాము.