గైడ్ వెళ్లిపోయారు, ఫారం కదలట్లేదు: ముందు చూడాల్సిన చోటు

సమస్య: గడువు పొడిగించమని పెట్టిన దరఖాస్తు వారాల తరబడి ‘పెండింగ్’లోనే ఉంది. పరిశోధనకు కావాల్సిన ఎథిక్స్ (నైతిక నియమాల) అనుమతి రాలేదు. ఎవరిని అడిగినా "మనుషుల్ని తగ్గించారు కదా, ఆలస్యం అవుతుంది" అంటున్నారు.

బ్రిటన్ యూనివర్సిటీల్లో ఆర్ట్స్, హ్యుమానిటీస్ విభాగాల మీద కోతలు పడ్డాక విద్యార్థులు మా దగ్గరికి ఎక్కువగా తెచ్చేది ఇదే. 2025 జనవరిలో కార్డిఫ్ యూనివర్సిటీ 400 ఉద్యోగాలు తగ్గిస్తామని, సంగీతం, ఆధునిక భాషలు, ప్రాచీన చరిత్ర లాంటివి మూసేస్తామని ప్రతిపాదించింది. అలాంటి వార్తలు వింటూ ఉంటే ప్రతి ఆలస్యానికీ అదే కారణం అనిపిస్తుంది. చాలాసార్లు అసలు కారణం అది కాదు.

ముందు విద్యార్థి చేత పోర్టల్ తెరిపించి, గైడ్ అనే చోట ఎవరి పేరు ఉందో చదవండి. పది సెకన్ల పని. ట్యూటర్లు, కోర్సు రెప్‌లు (కోర్సులో విద్యార్థుల ప్రతినిధులు) దీన్ని వదిలేసి నేరుగా డీన్‌కి మెయిల్ కొడతారు!

కారణం: నేనూ దెబ్బతిన్నాను కాబట్టి చెబుతున్నా. ఎంఏ చేస్తున్న ఒకమ్మాయి గైడ్ ఉద్యోగం నుంచి స్వచ్ఛందంగా తప్పుకునే పథకం తీసుకుని జులై చివర్లో వెళ్లిపోయారు. కొత్త గైడ్ వచ్చారు, రెండుసార్లు కలిశారు, ఛాప్టర్ కూడా దిద్ది ఇచ్చారు. కానీ రికార్డులో పాత పేరే ఉండిపోయింది. ఫారం పెట్టగానే అది వెళ్లిపోయినాయన ఖాతాకి పోయి కూర్చుంది. కొత్తావిడకి ఏమీ కనపడలేదు. ఆ అమ్మాయేమో కొత్త గైడ్ పట్టించుకోవట్లేదని బాధపడుతోంది. నేను ఆ గైడ్‌కి రెండు మెయిళ్లు పెట్టాను. "నాకేమీ రాలేదండీ" అంటే తప్పించుకుంటున్నారనుకున్నా. నాలుగో వారంలో ఆ అమ్మాయి లాప్‌టాప్ నా వైపు తిప్పుకుని చూస్తే, పేజీ మూల సన్నటి అక్షరాల్లో పాతాయన పేరు.

పరిష్కారం: కోర్సు ఆఫీసుకి నాలుగు వివరాలతో మెయిల్ పెట్టించండి: విద్యార్థి నంబరు, పాత పేరు, కొత్త పేరు, ఏ తేదీ నుంచి. "కాస్త చూడండి" అని రాస్తే చూసి ఊరుకుంటారు. "రికార్డులో మార్చండి" అనే రాయాలి.

చాలామంది ఇక్కడే ఆగిపోతారు. పేరు మార్చినంత మాత్రాన పాత ఫారం కొత్త మనిషి దగ్గరికి నడిచిపోదు. దాన్ని రద్దు చేసి మళ్లీ పెట్టాలి. రద్దు చేసే ముందు మొదటి తేదీ కనపడేలా స్క్రీన్‌షాట్ తీసుకుని, ఆ తేదీనే లెక్కలోకి తీసుకోమని అడగాలి. స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్లయితే కొత్త గైడ్‌తో జరిగిన మీటింగులు నమోదయ్యాయో లేదో కూడా చూసుకోవాలి. హాజరు మీద యూనివర్సిటీ కన్నేసి ఉంచుతుంది.

గైడ్ ఇంకా వెళ్లకపోతే మీ అదృష్టం. ఆయన ఖాతాలో ఉండి మీతో పంచుకున్న ఫైళ్లన్నీ ఇవాళే కాపీ చేసుకోమనండి. ఖాతా మూసేస్తే అవీ పోవచ్చు. రికమెండేషన్ కోసం ఆయన సొంత మెయిల్ ఐడీ అడగడానికి మొహమాటం వద్దు.

కోర్సే మూసేస్తుంటే అది వేరే సంగతి. ఇంగ్లండ్‌లో అయితే యూనివర్సిటీ వెబ్‌సైట్‌లో స్టూడెంట్ ప్రొటెక్షన్ ప్లాన్ వెతకండి. ఇప్పుడున్నవాళ్ల చదువు పూర్తయ్యేలా ఏం చేస్తారో అందులో రాసి ఉండాలి.

సిస్టమ్ పాడైందనీ, ఎవరో కావాలని తొక్కిపెట్టారనీ వచ్చే ఫిర్యాదులు ఉంటాయి. నా దగ్గరికి వచ్చినవాటిలో అలాంటిది ఒక్కటీ తేలలేదు.

ఎంత చేసినా కదలకపోతే లోపలి ఫిర్యాదు చివరిదాకా నడిపించి, అది ముగిసిందని యూనివర్సిటీ ఇచ్చే ‘కంప్లీషన్ ఆఫ్ ప్రొసీజర్స్’ లెటర్ తీసుకోండి. ఇంగ్లండ్, వేల్స్‌లో ఆ లెటర్ తేదీ నుంచి 12 నెలల్లోపు ఓఐఏకి (విద్యార్థుల ఫిర్యాదులు చూసే స్వతంత్ర సంస్థ) వెళ్లొచ్చు. విద్యార్థి దగ్గర ఫీజు తీసుకోరు. ఆ స్క్రీన్‌షాట్ అప్పుడు కూడా జతచేయండి.