పగడాల రంగు ఎలా రాసుకోవాలి

అండమాన్ స్వరాజ్ ద్వీప్‌లోని ఎలిఫెంట్ బీచ్‌లో పగడాలు ఒడ్డుకు దగ్గరలోనే ఉంటాయి. నెలకోసారి వాటి రంగు రాసుకుంటాను. పగడాల రంగు పోల్చి చూసేందుకు ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయం వారి కోరల్‌వాచ్ అట్ట, నీటిలో రాసే పలక, పెన్సిలు చాలు. అట్ట మీద నాలుగు రంగుల వరుసలు, ఒక్కొక్కదానిలో 1 నుంచి 6 వరకు మెట్లు. 1 పాలిపోయినది, 6 బాగా ముదురు.

అసలు కష్టం పగడాన్ని ఎంచుకోవడంలోనే ఉంది. మొదట్లో నా చూపు అందమైన వాటి మీదికే పోయేది. ఆ నెలల లెక్కలన్నీ పక్కన పెట్టేశాను. ఇప్పుడు ఈదుతూ ఐదుసార్లు కాళ్లు ఆడించి ఆగుతాను. కింద ఏది ఉంటే అదే. ముందు దాని మీద అన్నిటికంటే లేత చోటుకు సరిపోయే మెట్టు రాయండి, తర్వాత ముదురు చోటుది. కొమ్మల పగడాల కొనలను చూడకండి. అవి కొత్తగా పెరుగుతున్నవి, సహజంగానే తెల్లగా ఉంటాయి! కొమ్మలదా, బండలా ఉందా, పళ్లెంలా ఉందా, మెత్తటిదా అన్నది కూడా గుర్తించండి. ఇలా కనీసం 20 పగడాలు.

తేదీ, సమయం, లోతు, నీటి వేడి, ఎండా మబ్బా అన్నవి మరవకండి. చేయి తగలకూడదు, కాలు మోపకూడదు.

నీరు వేడెక్కితే పగడం తనలో ఉండి రంగునిచ్చే నాచును వదిలేస్తుంది. 2010 వేసవిలో అండమాన్ పగడాలు అలాగే తెల్లబడ్డాయి. మీ లెక్కలో రెండు మెట్లు తగ్గితే వచ్చే నెల దాకా ఆగకుండా వారంలోపే మళ్లీ వెళ్లి చూడండి.