పాత ప్యాకేజీ కొత్త జీసీసీతో బిల్డ్ కాకపోతే ఎక్కడ చూడాలి

మాది కావలి. మొన్న ఒంగోలు నుంచి మా బాబాయి కొడుకు ఫోన్ చేసి, అన్నా ఫెడోరా 42 లినక్స్ ఏశా, మన పాత ప్యాకేజీ బిల్డ్ చెయ్యడానికి మేక్ కమాండ్ కొడితే స్క్రీన్ నిండా ఎర్రర్లే, కోడ్‌లో ఒక్క అక్షరం ముట్టుకోలా అన్నాడు. 2022లో కందుకూరుని ప్రకాశంలోంచి తీసి నెల్లూరులో కలిపారు, ఊరేమన్నా కదిలిందా? ఇదీ అంతే, కోడ్ అక్కడే ఉంది, రూలు మారింది. ఫెడోరా 42లో వచ్చేది జీసీసీ 15, అంటే సీ కోడ్‌ని ప్రోగ్రామ్‌గా మార్చే కంపైలర్.

ముందు మేక్‌ని మైనస్ జె1 పెట్టి (ఒకసారికి ఒక ఫైలే) నడపండి, లేకపోతే నాలుగు ఫైళ్ల మెసేజీలు కలగాపులగం అయిపోతాయి. పైకి స్క్రోల్ చేసి మొట్టమొదటి ఎర్రర్ ఒక్కటే చూడండి, కింద ఉండేవి చాలావరకు దాని పిల్లలే.

"ఇంప్లిసిట్ డిక్లరేషన్ ఆఫ్ ఫంక్షన్" అంటే
ఫంక్షన్ల వివరం రాసుండే హెడర్ ఫైల్ ఇంక్లూడ్ చెయ్యకుండా ఫంక్షన్ వాడారు. సీ భాష 1999 స్టాండర్డ్ సీ99లోనే ఇది తీసేశారు, అయినా కంపైలర్లు ఇన్నేళ్లు వార్నింగ్‌తో వదిలేశాయి, క్లాంగ్ అనే ఇంకో కంపైలర్‌లో 16, జీసీసీలో 14 నుంచి ఎర్రర్ చేశారు. మంచి పనే చేశారు నన్నడిగితే. డిక్లరేషన్ లేకపోతే ఆ ఫంక్షన్ ఇంట్ ఇస్తుందని పాత కంపైలర్ అనుకుంటుంది, 64 బిట్ పాయింటర్ని 32 బిట్లకి కోసేస్తుంది, ఇంక ప్రోగ్రామ్ ఎప్పుడు క్రాష్ అవుతుందో దేవుడికే తెలియాల. సరైన హెడర్ పెట్టండి. స్ట్రింగ్ డాట్ హెచ్ ఉన్నాగానీ స్ట్ర్‌కేస్‌స్ట్ర్ దగ్గర ఏడుస్తా ఉంటే, ఫైల్లో మొదటి ఇంక్లూడ్‌కి పైన అండర్‌స్కోర్ గ్నూ అండర్‌స్కోర్ సోర్స్ డిఫైన్ చెయ్యాల, కింద పెడితే పనిచెయ్యదు.

"టూ మెనీ ఆర్గ్యుమెంట్స్", లేకపోతే బూల్ దగ్గర గోల
ఇది జీసీసీ 15 సంగతి. సీ కి డిఫాల్ట్ ఇప్పుడు గ్నూ23 (సీ23 స్టాండర్డ్‌కి గ్నూ రూపం), అందులో ఫంక్షన్ పేరు పక్కన ఖాళీ బ్రాకెట్లు అంటే ఆర్గ్యుమెంట్లు అసలు లేవని అర్థం, బూల్ ఏమో కీవర్డ్ అయిపోయింది. మన పాత కోడ్‌లో బూల్‌ని ఇంట్‌గా టైప్‌డెఫ్ చేసుకోనుంటారు కదా, అది తీసేసి ఎస్‌టీడీబూల్ హెడర్ పెట్టండి, ఫంక్షన్ పాయింటర్లకి ఆర్గ్యుమెంట్ల టైపులు పూర్తిగా రాయండి. టైం లేదంటే కంపైలర్ ఆప్షన్లు రాసే సీఫ్లాగ్స్‌లో మైనస్ ఎస్‌టీడీ ఈక్వల్ గ్నూ17 పెట్టి గడుపుకోవచ్చు.

లింకింగ్‌లో "మల్టిపుల్ డెఫినిషన్" వస్తే జీసీసీ 10 కాలం నాటి గొడవ: హెడర్‌లో వేరియబుల్‌కి ఎక్స్‌టర్న్ పెట్టి, అసలుది ఒక్క సీ ఫైల్లో రాయండి. సీ ప్లస్ ప్లస్‌లో యూఇంట్32_టీ తెలీదంటే సీఎస్‌టీడీఇంట్ ఇంక్లూడ్ చాలు.

ఎర్రర్ లేదు, బిల్డ్ అయింది, కానీ పని తేడా
అసలు భయపడాల్సింది దీనికే. మావాడిది అన్నీ సరిచేశాక బిల్డ్ శుభ్రంగా అయింది, తీరా రన్ చేస్తే తెలుగు ఫైల్ పేర్లన్నీ ప్రశ్న గుర్తులు. ఫాంట్ అనుకోని ఒక పూట దండగ. మధ్యలో కరెంటు కూడా పోయింది లెండి.

మేక్ కంటే ముందు నడిపే కాన్ఫిగర్ స్క్రిప్ట్, సిస్టంలో ఏమేమి ఉండాయో తెలుసుకోడానికి చిన్న చిన్న టెస్ట్ ప్రోగ్రాములు కంపైల్ చేసి చూస్తుంది కదా, అవి అయితే ఎస్, కాకపోతే నో. ఆ ప్యాకేజీలో ఎవరో చేత్తో రాసిన టెస్టులో మెయిన్ ముందు ఇంట్ లేదు. కొత్త జీసీసీ దానికే ఎర్రర్ ఇచ్చింది, కాన్ఫిగర్ ఏమో సిస్టంలో అక్షరాల ఎన్‌కోడింగ్ ఏందో చెప్పే ఎన్ఎల్ ల్యాంగ్‌ఇన్ఫో లేదనుకోని నో అని రాసుకోని ముందుకి పొయ్యింది, ప్రోగ్రామ్ ఇంగ్లీషు అక్షరాలే తెలిసిన ఉత్త ఆస్కీలో పడింది. ఎవురూ అరవలా.

పట్టుకునేది ఎట్టాగంటే, పాత కంపైలర్‌తో ఒకసారి, కొత్తదాంతో ఒకసారి కాన్ఫిగర్ చేసి ఆ ఎస్, నో లు రాసుకునే రెండు కాన్ఫిగ్ డాట్ హెచ్ ఫైళ్లకి డిఫ్ కొట్టి తేడా చూడండి. మాకు తేడా ఒక్కటంటే ఒక్క లైన్. తర్వాత కాన్ఫిగ్ డాట్ లాగ్‌లో ఆ టెస్ట్ దగ్గర నిజమైన ఎర్రర్ కనిపిస్తుంది. కాన్ఫిగర్‌కి మూలమైన కాన్ఫిగర్ డాట్ ఏసీలో ఇంట్ మెయిన్ వాయిడ్ అని దిద్ది, కాన్ఫిగర్‌ని మళ్లా తయారు చెయ్యడానికి, ఆటోరీకాన్ఫ్ మైనస్ ఎఫ్ఐ నడిపి, మళ్లా మొదట్నుంచి బిల్డ్ చేశాం. రాత్రి పదకొండుకి వాడు స్క్రీన్‌షాట్ పంపాడు, ఫైల్ పేర్లు తెలుగులోనే ఉండాయి.