టోరిక్ లెన్సుతో చూపు మసకగా ఉందా? పవర్ మార్చే ముందు ఇవి చూడండి

కళ్లజోడు పెట్టుకుంటే చార్టులో ఆఖరి వరుస కూడా గడగడా చదివేస్తారు. అదే మనిషి టోరిక్ లెన్సులు, అంటే ఆస్టిగ్మాటిజాన్ని సరిచేసే కాంటాక్ట్ లెన్సులు పెట్టుకుని విశాఖ మద్దిలపాలెం బస్టాపులో నిలబడితే, ఎదురుగా వచ్చే బస్సు మీద ఉన్నది 6 అంకో 8 అంకో పోల్చుకోలేరు. మర్నాడు షాపుకు వచ్చి అడిగేది ఒక్కటే: "పవర్ చాలడం లేదండీ, ఇంకాస్త పెంచండి." అడగ్గానే పెంచేవాళ్లు కూడా ఉన్నారు, అదే బాధ. ద్వారకానగర్‌లో కూర్చుని ఏళ్లుగా ఈ లెన్సులు అమరుస్తున్నాను. ఇలా వచ్చేవారిలో ఎక్కువమందికి పవర్ బాగానే ఉంటుంది. లెన్సు కంటి మీద ఎటు తిరిగి కూర్చుందో మాత్రం ఎవరూ చూసి ఉండరు.

లెన్సు పెట్టడం, తీయడం, ద్రావణంతో రుద్ది కడగడం మీకు అలవాటేనని అనుకుని రాస్తున్నాను. లోపలి వైపు బయటికి తిరగబడిందేమో కూడా మీరే చూసుకోండి.

చీటీ మీద -3.00 / -1.75 × 180 అని ఉందనుకోండి. మొదటిది మామూలు పవర్. రెండోది ఆస్టిగ్మాటిజాన్ని, అంటే కన్ను అన్ని దిశల్లో వెలుగును ఒకేలా వంచకపోవడాన్ని సరిచేసే సిలిండర్. మూడోది ఆ సిలిండర్ ఏ దిశలో పనిచేయాలో చెప్పే యాక్సిస్. సిలిండర్ లేని లెన్సు కంటి మీద గిర్రున తిరిగినా చూపుకు నష్టం లేదు. టోరిక్ లెన్సు యాక్సిస్ తప్పితే సిలిండర్ ఉండీ లేనట్టే. ఒక్కోసారి లేకపోవడమే నయం.

పెట్టుకున్న క్షణం నుంచే రెండు కళ్లూ మసక, తల తిప్పుతున్నట్టు

కుడి లెన్సు ఎడమ కంట్లో, ఎడమది కుడి కంట్లో పెట్టారు. ఇంత చిన్న సంగతి కూడా చెప్పాలా అంటారేమో. చెప్పాలి, ఎందుకంటే దీన్ని ఎవరూ చూడరు.

చాలామందికి రెండు కళ్ల యాక్సిస్‌లు ఒకదానికొకటి ఎదురుగా ఉంటాయి. కుడి కంటికి 20 ఉంటే ఎడమ కంటికి 160. పవరూ సిలిండరూ రెండింటికీ ఒకటే కావచ్చు. అలాంటివారే "రెండూ ఒకటే కదండీ, ఏది ఎటు పెడితే ఏముంది" అని అడుగుతారు. తారుమారైతే ఒక్కో కంట్లో సిలిండర్ 40 డిగ్రీలు పక్కకు పోతుంది. సిలిండర్ -1.25 అయితే, అలా పక్కకు పోయాక కంటికి మిగిలే ఆస్టిగ్మాటిజం దాదాపు 1.60. సిలిండర్ లేని చవక లెన్సు పెట్టుకున్నా మిగిలేది 1.25 మాత్రమే. ఎక్కువ డబ్బు పోసి అంతకన్నా చెడ్డ చూపు కొనుక్కున్నట్టయింది.

నెలవారీ లెన్సులైతే శుభ్రం చేసి అటుదిటు మార్చి పెట్టి చూడండి. రోజువారీ అయితే ఆ జత పారేసి, డబ్బా మీద యాక్సిస్ చదివి కొత్త జత తీయండి. ఇకపై ఎప్పుడైనా సరే కుడి కన్నే ముందు. కేసు మూతల మీద ఆర్, ఎల్ అక్షరాలు చెరిగిపోయి తెలియడం లేదంటారా? కేసు మార్చాల్సిన వేళ ఎప్పుడో దాటిపోయింది.

ఒకసారి బాగుంటుంది, ఒకసారి ఉండదు

ఒక కన్ను చేత్తో మూసి, దూరంగా ఉన్న ఏదైనా బోర్డు చూడండి. మామూలుగా రెప్ప కొట్టండి, గట్టిగా మూయకండి. తర్వాత రెండో కంటితోనూ ఇదే. నిమిషం పట్టదు, పైసా ఖర్చు లేదు, అయినా చేసి వచ్చేవారు అరుదు.

రెప్ప కొట్టగానే మసకై, క్షణంలో కుదురుకుంటే లెన్సు వదులుగా ఉంది. రెప్ప తగిలినప్పుడల్లా కదులుతోంది. బేస్ కర్వ్ (లెన్సు లోపలి వంపు) గానీ డిజైన్ గానీ మార్చాలి.

రెప్ప కొట్టగానే తేటపడి, కొన్ని సెకన్లకు మళ్లీ మసకబారితే కన్ను పొడిబారుతోంది, లేదా లెన్సు మీద మురికి పేరుకుంది. మరీ బిగుతు లెన్సు కూడా ఇలాగే చేస్తుంది కానీ, రుషికొండ ఐటీ ఆఫీసుల నుంచి వచ్చేవారిలో నేను ఎక్కువగా చూసేది పొడిదనమే. విశాఖ గాలిలో తేమకు కొదవా అని అడుగుతారు. నిజమే, పగలంతా మీరు ఉండేది ఆ గాలిలో కాదు కదా. తెర ముందు కూర్చుంటే రెప్ప కొట్టడమే తగ్గిపోతుంది, పైన ఏసీ. గాలి ముఖానికి నేరుగా తగలకుండా కుర్చీ జరపండి. లెన్సులతో వాడదగినవని రాసి ఉన్న చుక్కలే వేసుకోండి. నెలవారీ నుంచి రోజువారీకి మారితే చాలామందికి సగం బాధ తీరుతుంది. బీచ్ రోడ్డు మీద బండి నడిపేవారు హెల్మెట్ అద్దం దించుకోండి, గాలితోపాటు ఇసుక కూడా వస్తుంది.

పక్కకు ఒరిగి పడుకుని ఫోను చూసేటప్పుడు మాత్రమే మసకైతే అది జబ్బు కాదు. ఆ భంగిమలో లెన్సు కొంత తిరుగుతుంది. లేచి కూర్చోండి.

రెప్ప కొట్టినా కొట్టకపోయినా, పొద్దునా సాయంత్రమూ ఒకటే మసక

నన్ను ఎక్కువగా విసిగించిన సమస్య ఇది. అక్షరానికి ఒక పక్క నీడ ఉంటుంది. రాత్రి వీధి దీపం గుండ్రంగా కాకుండా ఒక వైపుకు సాగి కనిపిస్తుంది. కాగితానికి సూదితో రంధ్రం పొడిచి అందులోంచి చూస్తే తేటపడుతుంది. మసక నిలకడగా ఉంటుంది కాబట్టి లెన్సు కదులుతోందన్న అనుమానం ఎవరికీ రాదు. అందరి చూపూ పవర్ మీదే. నిజానికి లెన్సు కదలడం లేదు. వంకరగా కూర్చుని, అక్కడే కదలకుండా ఉంది.

టోరిక్ లెన్సు అంతటా ఒకే మందంలో ఉండదు. చాలా డిజైన్లలో కింది భాగం మందంగా ఉంటుంది. తడి పుచ్చగింజను రెండు వేళ్ల మధ్య నొక్కితే జారినట్టు, పై రెప్ప ఒత్తిడికి ఆ మందపు భాగం కిందికి జారి కుదురుకుంటుంది. అయితే అందరి రెప్పలూ ఒకే వాలులో, ఒకే బిగువులో ఉండవు. కొందరి కంట్లో ప్రతి లెన్సూ ఓ 10 డిగ్రీలు పక్కకు తిరిగి అక్కడ స్థిరపడుతుంది. వేరే డిజైన్ పెడితే అదే కంట్లో నిటారుగా కూర్చోవచ్చు, లేదా ఇంకో పక్కకు తిరగవచ్చు.

ఇది తెలుసుకోవడానికే కంపెనీలు లెన్సు అంచు దగ్గర సన్నని గీతలు చెక్కుతాయి. కొన్నింటికి అడుగున ఒకటి, కొన్నింటికి పైనా కిందా, కొన్నింటికి గడియారంలో 3, 9 ఉండే చోట. లెన్సు పెట్టాక పది పదిహేను నిమిషాలు ఆగి, స్లిట్ ల్యాంపు (కంటిని పెద్దదిగా చూపే దీపపు యంత్రం) కింద ఆ గీత ఎక్కడుందో చూడాలి. అడుగు గీత చూసేవారి ఎడమకు పోయి ఉంటే అన్ని డిగ్రీలు యాక్సిస్‌కు కలపాలి, కుడికి పోయి ఉంటే తీసేయాలి. కంటి యాక్సిస్ 180, గీత ఎడమకు 10 తిరిగింది అనుకుంటే, ఆర్డరు చేయాల్సిన లెన్సు 10 యాక్సిస్‌ది. కుడికి 10 తిరిగి ఉంటే 170ది.

కొత్తగా పనిలో చేరినవారు ఇక్కడ తికమకపడతారు. 10 యాక్సిస్ లెన్సు వచ్చాక పెట్టి చూస్తే గీత ఇంకా ఎడమకే 10 డిగ్రీలు ఒరిగి ఉంటుంది. ఉండాలి కూడా. కన్ను మారలేదు, రెప్ప మారలేదు, లెన్సు మళ్లీ అంతే తిరుగుతుంది. తిరిగాక సిలిండర్ 180 మీదికి వస్తుంది. గీత నిటారుగా లేదని మళ్లీ సరిచేస్తే చేసిన పనంతా వృథా.

ఇంతవరకు బాగానే ఉంది. చిక్కు ఆ తర్వాత మొదలవుతుంది. ఇప్పుడు డబ్బా మీద 10 అని ఉంది, కంటి యాక్సిస్ 180. ఆ 10 మీ కంటిది కాదు. ఆ ఒక్క రకం లెన్సు మీ కంట్లో ఎంత తిరుగుతుందో చూసి వేసుకున్న లెక్క అది. కొన్నాళ్లకు ఆ రకం దొరకదు, లేదా ఆన్‌లైన్‌లో ఇంకో కంపెనీది చవగ్గా కనిపిస్తుంది. డబ్బా చూసి అవే అంకెలతో తెప్పించుకుంటారు. అంకెల్లో ఏ తేడా లేదు, చూపు మాత్రం మసక. అంకెలు ఒకటే కాబట్టి ఎవరూ వాటిని అనుమానించరు.

గాజువాక నుంచి వచ్చిన ఒక అబ్బాయి పాత డబ్బా, కొత్త డబ్బా పక్కపక్కన పెట్టి చూపించాడు. రెండింటి మీదా -3.00 / -1.75 × 10. కొత్తది పెట్టించి చూస్తే గీత నిలువునా ఆరు గంటల దగ్గర ఉంది. అంటే ఆ డిజైన్ అతని కంట్లో తిరగడమే లేదు. పాతది తిరిగేది కాబట్టే 10 రాశారు. ఇప్పుడు సిలిండర్ అసలు చోటుకు 10 డిగ్రీలు అవతల ఉంది. యాక్సిస్ 10 డిగ్రీలు తప్పితే సిలిండర్‌లో మూడో వంతుకు పైగా మిగిలిపోతుంది, 1.75కి దాదాపు 0.60. అతని కంట్లో ఆ కొత్త డిజైన్ రెండో పక్కకు 10 తిరిగి ఉంటే తేడా 20 డిగ్రీలయ్యేది, మిగిలేది 1.20. అదే 30 డిగ్రీలు తప్పితే మిగిలే ఆస్టిగ్మాటిజం మొదట ఉన్నంతే, లెన్సు పెట్టీ లాభం లేదు.

అతను నా దగ్గరకు రాకముందే ఇంకో చోట పవర్‌ను 0.50 పెంచి ఇచ్చారట. రెండు రోజులు బాగున్నట్టే అనిపించిందట. అనిపిస్తుంది. కుర్ర కళ్లు అదనపు మైనస్ పవర్‌ను లోపలి కటకాన్ని బిగించి సర్దుకుంటాయి, అక్షరాలు కాస్త నల్లగా కనిపిస్తాయి. నీడ పోదు. సాయంత్రానికి తలనొప్పి మొదలవుతుంది.

కాబట్టి కంపెనీ మారినా, అదే కంపెనీలో రకం మారినా, లెక్క కళ్లజోడు చీటీ నుంచే మళ్లీ మొదలుపెట్టాలి. చీటీ కూడా తాజాదై ఉండాలి. ట్రయల్ లెన్సు పెట్టించుకోండి, పదిహేను నిమిషాలు బయట తిరిగి రండి, "గీత ఎక్కడ కూర్చుంది, ఎన్ని డిగ్రీలు?" అని అడగండి. జవాబు అంకెలో రావాలి. "బాగానే కూర్చుందండీ" అన్నది జవాబు కాదు. 5 డిగ్రీల లోపైతే వదిలేయవచ్చు. అంతకు మించితే యాక్సిస్ సరిచేయాలి. 20 దాటి తిరుగుతుంటే సరిచేసే ప్రయత్నం మాని డిజైనే మార్చమంటాను. ఇంకొక పరీక్ష ఉంది. అమర్చేవారు వేలితో లెన్సును కొంచెం పక్కకు తిప్పి వదులుతారు. కొన్ని రెప్పపాట్లలో మునుపటి చోటికే వస్తే ఆ తిరుగుడు నమ్మదగ్గది. ప్రతిసారీ వేరే చోట ఆగితే యాక్సిస్ లెక్కలు వేసి ప్రయోజనం లేదు.

పరీక్షకు వచ్చేటప్పుడు లెన్సులు పెట్టుకునే రండి. చేతిలో డబ్బా పట్టుకుని వస్తే గీత ఎక్కడుందో ఎలా చూసేది?

కళ్లజోడు చీటీని ఉన్నదున్నట్టు ఆర్డరు చేస్తే

పవర్ 4.00 దాటినవారికి ఇది కుదరదు. జోడు కంటికి దాదాపు 12 మిల్లీమీటర్ల దూరంలో ఉంటుంది, లెన్సు కంటి మీదే ఉంటుంది. చీటీలో -5.00 / -2.00 ఉంటే లెన్సుకు సుమారు -4.75 / -1.75 అవుతుంది. పవరే కాదు, సిలిండర్ కూడా తగ్గింది చూడండి. ఈ రెండో సంగతిని చాలామంది మరిచిపోతారు.

పైగా కళ్లజోడులో సిలిండర్ 0.25 చొప్పున, యాక్సిస్ ఒక్కో డిగ్రీ చొప్పున దొరుకుతాయి. రెడీమేడ్ మెత్తని టోరిక్ లెన్సుల్లో సిలిండర్ సాధారణంగా -0.75, -1.25, -1.75, -2.25, కొన్ని రకాల్లో -2.75 మాత్రమే, యాక్సిస్ పదేసి డిగ్రీల చొప్పున. మధ్యలో పడితే తక్కువ సిలిండర్ వైపే మొగ్గుతాను. యాక్సిస్ కాస్త తప్పినా తక్కువ సిలిండర్‌తో మిగిలే మసక తక్కువ.

"మీకు సిలిండర్ కొంచెమే, మామూలు లెన్సు చాలు"

0.50 అయితే సరే. 0.75 నుంచి టోరిక్ అడగండి. సిలిండర్‌లో సగాన్ని మామూలు పవర్‌కు కలిపి ఇచ్చేస్తే చార్టు గదిలో బాగానే చదువుతారు, రాత్రి బండి నడిపేటప్పుడు ఎదుటి దీపాలు చెదురుతాయి.

అరుదైనవి

ప్యాకెట్‌లో తప్పు లెన్సు రావడం ఎప్పుడో గానీ జరగదు, ముందే కంపెనీని తిట్టకండి. నలభై దాటాక దగ్గరి అక్షరాలు మాత్రమే మసకైతే అది చత్వారం, వేరే కథ. -2.75 మించిన సిలిండర్‌కు ప్రత్యేకంగా చేయించిన టోరిక్, గట్టి లెన్సు, కంటి తెల్లగుడ్డు మీద ఆనే పెద్ద స్క్లెరల్ లెన్సు ఉన్నాయి. కార్నియా (కంటి ముందుండే పారదర్శక పొర) సమంగానే ఉండి లోపలి కటకం వల్ల వచ్చిన ఆస్టిగ్మాటిజానికి మామూలు గట్టి లెన్సు పనిచేయదు, మెత్తని టోరిక్ మేలు.

యాక్సిస్, సిలిండర్ కొన్ని నెలలకే మారిపోతూ, కళ్లజోడుతో కూడా తేటగా కనిపించకపోతే, దానికి తోడు కళ్లు నలుపుకునే అలవాటు ఉంటే లెన్సుల వేట ఆపేసి కార్నియా వంపును కొలిచే టోపోగ్రఫీ పరీక్ష చేయించుకోండి. కార్నియా పల్చబడి శంకువులా ముందుకు పొడుచుకొచ్చే కెరటోకోనస్ కావచ్చు. ముదురుతున్న దశలో పట్టుకుంటే కార్నియాను గట్టిపరిచే క్రాస్ లింకింగ్ చికిత్సతో చాలామందిలో దాన్ని నిలపవచ్చు. హనుమంతవాక దగ్గర ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రిలో గానీ, కార్నియా నిపుణులు ఉన్న మరే చోటైనా గానీ చూపించుకోవచ్చు.

కన్ను ఎర్రబడి, నొప్పి పెట్టి, వెలుతురు చూడలేకపోతుంటే యాక్సిస్ సంగతి తర్వాత. ముఖ్యంగా లెన్సులతో సముద్రంలోనో ఈతకొలనులోనో మునిగినవారు, కుళాయి నీటితో లెన్సు కడిగినవారు నీటిలో ఉండి కార్నియాను పాడుచేసే అకాంథమీబా అనే సూక్ష్మజీవిని గుర్తుంచుకోవాలి. లెన్సు తీసేసి అదే రోజు కంటి డాక్టరు దగ్గరకు వెళ్లండి. తీసిన లెన్సులు పారేయకండి, కేసుతో సహా పట్టుకెళ్లండి. క్రిమి ఏదో తేల్చే పరీక్షకు అవి అవసరం కావచ్చు.