వింత జబ్బు అనిపిస్తే మందుకు ముందు ఏం చేయాలి: కుక్క, పిల్లి పెంచేవారికి జాగ్రత్తలు

వింత జబ్బులు వింతగా మొదలు కావు. రెండు రోజులు తిండి ముట్టకపోవడం, ఒకటి రెండు వాంతులు, మూల చూసుకుని పడుకోవడం. అజీర్తి మొదలయ్యేదీ ఇలాగే, అడ్రినల్ గ్రంథులు చేతులెత్తేసే ఆడిసన్ జబ్బు మొదలయ్యేదీ ఇలాగే. అందుకే మొదటి రోజే జబ్బుకు పేరు పెట్టలేకపోవడం ఎవరి తప్పూ కాదు, డాక్టరుది కూడా కాదు. తప్పు ఆ తర్వాత జరుగుతుంది. ఇంట్లో ఉన్న మాత్ర ఒకటి, తెలిసినవాళ్లు చెప్పిన ఇంజెక్షన్ ఒకటి, పోయినసారి మిగిలిన యాంటీబయాటిక్ నాలుగు మోతాదులు పడ్డాక, అప్పటికీ తగ్గకపోతే పరీక్షలకు తీసుకెళతారు. ఆ పాటికి రక్తంలో దొరకవలసిన ఆధారం సగం చెరిగిపోయి ఉంటుంది. జబ్బు పేరు కనిపెట్టడం పెంచేవారి పని కాదు. ఆధారాలు చెరగకుండా డాక్టరుకు అందించడం మాత్రం వారి పనే.

బాగున్నప్పుడే కొలతలు రాసుకోండి

జబ్బు పడిన రోజు కొలిచిన అంకె ఒక్కటే ఉంటే దానివల్ల పెద్దగా తెలిసేది లేదు. పోల్చి చూడడానికి మామూలు రోజు అంకె కూడా కావాలి. నెలకోసారి బరువు తూచండి. 4 కిలోల పిల్లి 400 గ్రాములు తగ్గితే బొచ్చు చాటున కంటికి ఆనదు, కానీ అది ఒంటి బరువులో పదోవంతు.

గాఢనిద్రలో ఉన్నప్పుడు పక్కన కూర్చుని ఒక నిమిషం పాటు శ్వాస లెక్కపెట్టండి. రొమ్ము లేచి దిగితే ఒకటి. కుక్కకైనా పిల్లికైనా 30 లోపే ఉండాలి. ఎప్పుడూ 18, 20 ఉండేది వరుసగా 30 దాటుతుంటే దగ్గు లేకపోయినా గుండె, ఊపిరితిత్తులు చూపించండి. పిల్లులు గుండె జబ్బులో చాలాసార్లు దగ్గవు, కాబట్టి వాటి విషయంలో ఈ లెక్కే తొలి హెచ్చరిక.

పై పెదవి ఎత్తి చిగురును వేలితో నొక్కి వదలండి. తెల్లబడిన చోటికి రెండు సెకన్లలోపు మళ్లీ గులాబీ రంగు రావాలి. చిగుళ్లు పుట్టుకతోనే నల్లగా ఉంటే కింది కనురెప్ప లోపలి పొర చూడండి. పాలిపోతే రక్తహీనత గానీ రక్తప్రసరణ దెబ్బతినడం గానీ, పచ్చబడితే కాలేయం గానీ రక్తకణాలు పగిలిపోవడం గానీ అనుమానించాలి. గోధుమ రంగు తిరిగితే విషం అనుకుని వెంటనే బయలుదేరాలి.

జ్వరం సంగతికొస్తే, ఆరోగ్యంగా ఉన్న కుక్క ఒంటి వేడి దాదాపు 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్. పిల్లిదీ ఇంచుమించు అంతే. ముక్కు పొడిగా ఉంటే జ్వరమని, తడిగా ఉంటే లేదని తేల్చేవారు ఎంత చెప్పినా మానరు. ముక్కు తడికీ జ్వరానికీ సంబంధం లేదు. ఆసనంలో పెట్టిన థర్మామీటరు చెప్పిందే లెక్క. 104 దాటితే ఆ రోజే చూపించాలి.

వర్ణించడం కంటే వీడియో మేలు

“వాంతి చేసుకుంది” అన్న మాట కింద రెండు వేర్వేరు సంగతులు దాగి ఉంటాయి. అసలైన వాంతికి ముందు నోట నీరు ఊరుతుంది, కుక్క అటూ ఇటూ తిరుగుతుంది, పొట్ట కండరాలు ఎగసెగసి పడతాయి. రెండో రకంలో ఈ ప్రయాస ఏదీ ఉండదు. తల వంచీ వంచగానే, తిన్నది అరగకుండా, కొన్నిసార్లు గొట్టం ఆకారంలోనే జారి బయటపడుతుంది. మొదటిది పొట్ట, పేగులు, కాలేయం, కిడ్నీల వైపు చూపిస్తుంది. రెండోది అన్నవాహిక వైపు చూపిస్తుంది. అన్నవాహిక సాగి వదులైపోయిన కుక్కలకు వాంతి మందు ఎన్ని రోజులు వేసినా ఫలితం ఉండదు. ఆ వదులుకు కారణం కండరాలను నీరసింపజేసే మయస్తీనియా గ్రావిస్ కావచ్చు, దానికి ప్రత్యేకమైన రక్తపరీక్ష ఉంది. ఇది తేలేలోపు బలవంతంగా నోట్లో ద్రవాలు పోస్తే ఊపిరితిత్తుల్లోకి వెళ్లి న్యుమోనియా రావచ్చు.

పడిపోవడమూ అంతే. మూర్ఛలో కాళ్లు కొట్టుకుంటాయి, మూత్రం పోవచ్చు, తేరుకున్నాక కూడా కాసేపు, ఒక్కోసారి గంటల తరబడి, మనుషులను గుర్తించనట్టు తిరుగుతుంది. గుండె లయ తప్పి సొమ్మసిల్లితే చాలాసార్లు పరుగులోనో ఉత్సాహంలోనో దబ్బున కూలి, నిమిషంలోపే ఏమీ జరగనట్టు లేస్తుంది. ఒకటి మెదడుకు, ఇంకొకటి గుండెకు సంబంధించినది కాబట్టి పరీక్షలూ వేరు. మీరు ఎంత బాగా వర్ణించినా, ఫోనులో తీసిన అర నిమిషం వీడియో దానికంటే ఎక్కువ చెబుతుంది. అయితే మూర్ఛ ఐదు నిమిషాలు దాటినా, ఒకే రోజు రెండోసారి వచ్చినా వీడియో సంగతి మరిచి ఆసుపత్రికి తీసుకెళ్లండి.

చీటీ మీద రాయవలసినవి: ఏ రోజు ఏం మొదలైంది, ఎంత తింటోంది, ఎంత నీళ్లు తాగుతోంది, ఏ మందు ఎన్ని మోతాదులు పడింది, టీకాల తేదీలు, ఆడదైతే చివరిసారి ఎదకు వచ్చిన తేదీ, ఈ మధ్య ఒంటి మీద పిడుదులు కనిపించాయా, దాన్ని ఏదైనా జంతువు కరిచిందా. ఎద తేదీ ఎందుకంటే, అది అయిన కొన్ని వారాలకు గర్భసంచిలో చీము చేరే జబ్బు రావచ్చు. ఒక్కోసారి పైకి కనిపించేది నీళ్లు ఎక్కువ తాగడం, నీరసం మాత్రమే. ఇంట్లో తెలియకుండా ఏదైనా మందు వేసి ఉంటే సిగ్గుపడి దాచకండి.

శాంపిల్ ముందు, మందు తర్వాత

కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్నది ఇక్కడ అక్షరాలా జరుగుతుంది. ఆడిసన్ జబ్బునే తీసుకోండి. శరీరానికి కావలసిన కార్టిసాల్, చాలా కుక్కల్లో దాంతోపాటు ఆల్డోస్టెరాన్ అనే హార్మోన్లు తయారు కావు. సోడియం పడిపోతుంది, పొటాషియం పెరుగుతుంది. కుక్క నీరసపడుతుంది, వాంతి చేసుకుంటుంది, సెలైన్ ఎక్కిస్తే మర్నాటికి లేచి తోక ఊపుతుంది. “ఏదో పడనిది తిన్నట్టుంది” అని ఇంటికి తెస్తారు. కొన్ని వారాల తర్వాత మళ్లీ అదే కథ. ఇలా వచ్చి పోయే జబ్బు రెండోసారి రాగానే ఈ అనుమానం డాక్టరు ముందు పెట్టండి. కూలబడిన కుక్కకు గుండె వేగంగా కొట్టుకోవాలి. నెమ్మదిగా కొట్టుకుంటుంటే అది పెద్ద ఆనవాలు. పెద్దపేగులో కొరడాపురుగులు ముదిరినా సోడియం, పొటాషియం ఇలాగే తారుమారవుతాయి కాబట్టి మల పరీక్షా కావాలి. జబ్బును తేల్చేది అడ్రినల్ గ్రంథులను ప్రేరేపించే ఏసీటీహెచ్ ఇంజెక్షన్‌కు ముందూ తర్వాతా కార్టిసాల్ కొలిచే పరీక్ష. అంతకుముందే ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ వేసి ఉంటే యంత్రం దాన్నీ కార్టిసాల్‌గానే లెక్కగట్టి, జబ్బు లేదన్నట్టు చూపించవచ్చు. ప్రాణాపాయంలో స్టెరాయిడ్ తప్పనిసరైనప్పుడు డాక్టర్లు డెక్సామెథసోన్ ఎంచుకోవడానికి కారణం ఇదే, అది ఆ కొలతలో కలవదు.

మెడ కింద, మోకాళ్ల వెనుక గడ్డల్లా బిళ్లలు కడితే స్టెరాయిడ్ ఇంకా ప్రమాదం. అది లింఫోమా అనే క్యాన్సర్ అయితే స్టెరాయిడ్‌తో గడ్డలు కరిగి, తగ్గిందన్న భ్రమ కలుగుతుంది. ముక్క తీసి చూసినా తేలకపోవచ్చు, తర్వాత ఇచ్చే కీమోథెరపీ కూడా సరిగా పనిచేయకపోవచ్చు. మానని పుండు ఫంగస్ వల్ల వచ్చినదైతే స్టెరాయిడ్ దాన్ని ఇంకా పెంచుతుంది. స్టెరాయిడ్ చెడ్డ మందని కాదు, దాని వల్ల నిలిచే ప్రాణాలు చాలా ఉన్నాయి. సూదితో గడ్డలోంచి కణాలు తీసి చూసే వరకు ఆగమని మాత్రమే నా మాట.

ఎలుకల మూత్రం కలిసిన నీటితో వచ్చే లెప్టోస్పైరోసిస్‌లోనూ ఇదే వరస. రక్తం, మూత్రం రెండూ యాంటీబయాటిక్ వేయకముందే తీసి క్రిమి జన్యుపదార్థాన్ని వెతికే పీసీఆర్ పరీక్షకు పంపాలి. రెండు మోతాదులు పడ్డాక క్రిమి జాడ దొరకకపోవచ్చు. శాంపిల్ తీశాక మాత్రం ఫలితం కోసం ఆగకుండా మందు మొదలుపెట్టవలసిందే.

రిపోర్టును మీరే తీర్పుగా చదవకండి

పిడుదుల వల్ల వచ్చే ఎర్లికియా అనే బాక్టీరియా జబ్బులో మొదటి వారంలో యాంటీబాడీ పరీక్ష నెగెటివ్ రావచ్చు. జబ్బు నయమైన కుక్కలో నెలల తరబడి, ఏళ్ల తరబడి పాజిటివ్‌గానే ఉండవచ్చు. ప్లేట్‌లెట్లు, లక్షణాలు కలిపి చూడాలి, పీసీఆర్ ఉంటే ఇంకా నయం. హెపటోజూన్ అనే మరో క్రిమి పిడుదు కుడితే రాదు, కుక్క దాన్ని కొరికి మింగితే వస్తుంది. ఒళ్లు నాక్కునే కుక్క నుంచి పిడుదులు త్వరగా ఏరివేయడానికి అదొక అదనపు కారణం.

పిల్లుల్లో ఎఫ్‌ఐపీ (ఫీలైన్ ఇన్ఫెక్షియస్ పెరిటోనైటిస్) అనే వైరస్ జబ్బుదీ ఇలాంటి చిక్కే. మామూలు పిల్లి కరోనావైరస్ కొన్ని పిల్లుల్లో రూపు మారి ప్రాణాంతకం అవుతుంది. కానీ కరోనా యాంటీబాడీలు ఆరోగ్యంగా ఉన్న పిల్లులెన్నింటిలోనో ఉంటాయి, ఆ ఒక్క పాజిటివ్ చూసి ఆశ వదులుకోవద్దు. పొట్టలో నీరు చేరితే ఆ నీటినే పరీక్షించాలి. పసుపుగా, తీగలు సాగేలా, మాంసకృత్తులు ఎక్కువగా ఉంటే అనుమానం బలపడుతుంది. ఒకప్పుడు ఈ పేరు వింటే చేసేదేమీ ఉండేది కాదు. డేవిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో నీల్స్ పెడర్సన్ బృందం జీఎస్-441524 అనే మందును 31 పిల్లులకు ఇచ్చి, వాటిలో చాలా భాగం బతికాయని 2019లో ప్రకటించాక పరిస్థితి మారింది. 84 రోజుల చికిత్స ప్రమాణంగా స్థిరపడింది. ఏ ముద్రా లేని సీసాల్లో దొరికే మందును సొంతంగా కొని పొడవకండి.

ఇంటి మందులపెట్టెకు తాళం వేయండి

పారాసెటమాల్ పిల్లికి విషం. దాన్ని విరిచి బయటికి పంపే శక్తి పిల్లి కాలేయానికి చాలా తక్కువ, ఒక్క మాత్రతోనే ప్రాణం పోవచ్చు. రక్తం గోధుమ రంగు తిరిగి, ముఖం వాచి, ఊపిరి ఆడదు. ఎన్-అసిటైల్ సిస్టీన్ అనే విరుగుడు త్వరగా ఇస్తేనే పనిచేస్తుంది. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ కుక్కల పొట్టలో పుండ్లు చేసి కిడ్నీలను దెబ్బతీస్తాయి. కుక్కల పిడుదులకు రాసే పెర్మెత్రిన్ మందు పిల్లికి తగిలితే వణుకు, మూర్ఛలు. కోలీ జాతి కుక్కల్లో చాలావాటికి ఒక జన్యులోపం ఉంటుంది, పెద్ద మోతాదు ఐవర్‌మెక్టిన్ వాటి మెదడుకు చేరి స్పృహ తప్పిస్తుంది. పిల్లికి డాక్సీసైక్లిన్ మాత్ర వేస్తే వెనకే కొంచెం నీళ్లు పట్టాలి, లేకపోతే మాత్ర గొంతులో నిలిచి అన్నవాహిక పుండుపడి ముడుచుకుపోతుంది.

వీటికి ఎదురుచూడడమే ప్రమాదం

మగపిల్లి మాటిమాటికీ ఇసుక తొట్టిలో కూర్చుని, అరుస్తూ, చుక్క కూడా పోయకపోతే దాన్ని మలబద్ధకమని పొరపడతారు. మూత్రం దారి మూసుకుపోయి ఉంటుంది. ఒకటి రెండు రోజుల్లో పొటాషియం పెరిగి గుండె ఆగుతుంది. పొట్ట నొక్కి పోయించాలని చూడకండి, మూత్రసంచి పగలవచ్చు.

పిల్లి ఉన్నట్టుండి వెనక కాళ్లు ఈడుస్తూ నొప్పితో అరిస్తే ఎక్కడినుంచో పడిందని అనుకోకుండా అరికాళ్లు తాకి చూడండి. చల్లగా, పాలిపోయి ఉంటే గుండె నుంచి వచ్చిన రక్తపుగడ్డ ధమనిని మూసిందని అనుమానించాలి. లోతైన రొమ్ము ఉన్న పెద్ద కుక్క పొట్ట ఉబ్బి, వాంతికి ప్రయత్నిస్తూ ఏమీ రాకపోతే పొట్ట మెలిపడి ఉండవచ్చు, గంటల్లో ఆపరేషన్ జరగాలి. ఒళ్లు చేసిన పిల్లి రెండు మూడు రోజులు తినకపోతే అసలు జబ్బుతోపాటు కాలేయంలో కొవ్వు చేరే ఇంకో జబ్బు తోడవుతుంది.

నోట్లో చెయ్యి పెట్టే ముందు

దవడ వేలాడుతూ, చొంగ కారుతూ, గొంతు మారి, మింగలేకపోతున్న కుక్కను చూస్తే గొంతులో ఎముక ఇరుక్కుందనిపిస్తుంది. రేబిస్ కూడా అచ్చం ఇలాగే కనిపిస్తుంది. టీకా వేయించారో లేదో తెలియని జంతువు నోట్లో వేళ్లు పెట్టకండి. చొంగ గాయానికి తగిలినా, కరిచినా సబ్బుతో, పారే నీటితో 15 నిమిషాలు కడిగి వెంటనే మనుషుల ఆసుపత్రికి వెళ్లండి. లెప్టో అనుమానం ఉన్న కుక్క మూత్రాన్ని చేతి తొడుగులతోనే శుభ్రం చేయండి. పిల్లి ముఖం మీద మానని పుండ్లు స్పోరోట్రైకోసిస్ అనే ఫంగస్ జబ్బు అయితే గీరుడు ద్వారా మనకూ అంటుకుంటుంది.

మందు మొదలైన తర్వాత

ఎర్లికియాకు డాక్సీసైక్లిన్ సాధారణంగా 28 రోజులు. మూడో రోజుకే కుక్క లేచి తిరుగుతుంది, అక్కడే చాలామంది ఆపేస్తారు. స్టెరాయిడ్ కొన్ని వారాలు వాడితే ఒక్కసారిగా ఆపకూడదు, మోతాదు మెట్లుమెట్లుగా దించాలి. ఆడిసన్ ఉన్న కుక్కకైతే స్టెరాయిడ్ జీవితాంతం. ప్రయాణం, ఆపరేషన్, కొత్తచోట వదిలి వెళ్లడం లాంటి ఒత్తిడి ముందుంటే ఎంత పెంచాలో డాక్టరును ముందే అడిగి రాయించుకోండి. మీరు లేనప్పుడు కూలబడితే చూసేవాళ్లకు తెలియాలి కాబట్టి మెడపట్టీ బిళ్ల మీద జబ్బు పేరు, వాడే మందు పేరు చెక్కించండి.