ఫలితాల రోజుకు ముందు ఆన్సిబుల్, టెర్రాఫార్మ్ నడిపేవారికి జాగ్రత్తలు

పదో తరగతి, ఇంటర్ ఫలితాలు వదిలే పూట లక్షలమంది ఒకేసారి హాల్‌టికెట్ నంబరు కొడతారు. అలాంటి రద్దీని మోసే సర్వర్లను ఇప్పుడు చాలాచోట్ల ఆన్సిబుల్ అనే టూల్‌కు ఇచ్చే ప్లేబుక్‌లే (టాస్కులు, అంటే చేయాల్సిన పనులు, వరుసగా రాసిన ఫైళ్లు) సిద్ధం చేస్తున్నాయి. ఒక సర్వర్‌లో చేత్తో చేసిన తప్పు ఆ ఒక్కదాన్నే పడగొడుతుంది. ప్లేబుక్‌లో దొర్లిన తప్పు నలభై సర్వర్లకూ రెండు నిమిషాల్లో పాకుతుంది. అందుకే రన్ కొట్టే ముందు ఒకటి తేల్చుకోండి: ఇది తప్పయితే ఎన్ని మెషిన్ల దాకా పోతుంది, ఎక్కడ ఆగుతుంది?

పని మొదలుపెట్టేది కొత్త మార్పుతో కాదు, ఉన్నదాన్ని చూసుకోవడంతో. వారం ముందే ఇప్పటి ప్లేబుక్‌ను చెక్ (ఏమీ మార్చకుండా నడిపి చూడటం), డిఫ్ (మారబోయే వరుసలు చూపడం) ఆప్షన్లు రెండూ పెట్టి అన్ని సర్వర్ల మీదా నడపండి. ఏమీ మార్చకుండానే ఎక్కడైనా తేడా చూపిస్తే, ఎవరో రాత్రిపూట లాగిన్ అయి చేత్తో ఏదో సరిచేసి ఉండవచ్చు. కనెక్షన్ల పరిమితో, టైమవుటో పెంచి ఉంటారు. అసలు రన్‌లో ఆ సవరణ చెప్పకుండా ఎగిరిపోతుంది. అది అవసరమైనదైతే ముందు గిట్‌లోకి (ప్లేబుక్ కోడ్‌ను, దాని మార్పులను భద్రపరిచే టూల్‌లోకి) ఎక్కించండి.

చెక్ మోడ్‌ను పూర్తిగా నమ్మకండి. సర్వర్‌లో నేరుగా ఆదేశాలు నడిపే కమాండ్, షెల్ మాడ్యూళ్లతో రాసిన టాస్కులను అది మామూలుగా దాటేస్తుంది. వాటి ఫలితం మీద ఆధారపడిన తర్వాతి టాస్కులు అక్కడ ఒకలా, అసలు రన్‌లో మరోలా నడుస్తాయి. సమాచారం చదివే టాస్కులకు మాత్రం చెక్ మోడ్‌ను ఫాల్స్ చేసి పెట్టండి, అప్పుడు అవి చెక్‌లోనూ నడుస్తాయి. ఇంకో సంగతి, డిఫ్ ఆప్షన్ టెంప్లేట్‌లోని (విలువలు నింపి కాన్ఫిగ్ ఫైలు తయారుచేసే నమూనాలోని) పాస్‌వర్డ్‌లను కూడా తెర మీద చూపించేస్తుంది. రహస్యాలున్న టాస్కులకు నో లాగ్ (అవుట్‌పుట్‌ను దాచే సెట్టింగ్) పెట్టకుండా ఆ అవుట్‌పుట్‌ను గ్రూప్ చాట్‌లో అతికించకండి.

ఇక ఎక్కువమంది పొరబడే చోటు. ఆన్సిబుల్‌లో ఫోర్క్స్ (ఒకేసారి ఎన్ని సర్వర్లలో పని జరగాలనే సంఖ్య) డిఫాల్ట్‌గా 5. దాన్ని చూసి, ఐదు సర్వర్లు పూర్తయ్యాకే తర్వాతి ఐదు మొదలవుతాయని అనుకుంటారు. అలా జరగదు. ఒక టాస్కు అన్ని సర్వర్ల మీదా ఐదేసి చొప్పున ముగిశాకే రెండో టాస్కు మొదలవుతుంది. ఏడో టాస్కులో తప్పు బయటపడేసరికి మొదటి ఆరూ నలభై సర్వర్లలోనూ జరిగిపోయి ఉంటాయి. దీన్ని ఆపేది సర్వర్లను బ్యాచ్‌లుగా విడదీసే సీరియల్ అనే సెట్టింగ్. దానికి 1, 5, 25 శాతం అని జాబితా ఇవ్వండి. ముందు ఒక్క సర్వర్ మొత్తం ప్లే పూర్తి చేసుకుంటుంది, తర్వాత ఐదు, ఆపైన పావు వంతు చొప్పున. మ్యాక్స్ ఫెయిల్ పర్సెంటేజ్ (బ్యాచ్‌లో ఎంత శాతం సర్వర్లు ఫెయిలవడాన్ని సహించాలో) కూడా పెట్టండి. అయితే ఆ శాతాన్ని దాటితేనే రన్ ఆగుతుంది, సమానమైతే ఆగదు. నాలుగింటిలో రెండు పడిపోగానే ఆగాలంటే 50 కాదు, 49 రాయాలి. ఫలితాల వారంలోనైతే సున్నా పెట్టడమే మంచిది.

బ్యాచ్ ముగిసిందంటే సర్వర్ పనిచేస్తోందని కాదు. టాస్కులకు ముందు ఆ సర్వర్‌ను లోడ్ బ్యాలెన్సర్ (రద్దీని సర్వర్లకు పంచేది) నుంచి తప్పించండి. అయ్యాక నిజమైన పేజీ ఒకదాన్ని యూఆర్ఐ మాడ్యూల్‌తో అడగండి. 5 సెకన్ల వ్యవధితో 12 సార్లు మళ్లీ ప్రయత్నిస్తే కనీసం ఒక నిమిషం ఓపిక పట్టినట్టు. సరైన జవాబు వస్తేనే వెనక్కి చేర్చండి. డేటాబేస్‌ను తాకని స్టాటిక్ పేజీని అడిగితే ఈ పరీక్ష వృథా.

హ్యాండ్లర్ల (ఏదైనా మారితేనే నడిచే టాస్కుల) విషయంలో ఒక గొయ్యి ఉంది. కాన్ఫిగ్ ఫైలు మారింది, రీస్టార్ట్ హ్యాండ్లర్‌కు కబురు వెళ్లింది, ఆ తర్వాత వేరే టాస్కు ఫెయిలైంది అనుకోండి. హ్యాండ్లర్లు చివర్లో నడుస్తాయి కాబట్టి ఆ సర్వర్‌లో రీస్టార్ట్ జరగదు. మీరు తప్పు సరిచేసి మళ్లీ నడిపితే ఫైలు అప్పటికే కొత్తది, మార్పేమీ లేదు, హ్యాండ్లర్‌కు కబురే వెళ్లదు. అంతా పచ్చగా కనిపిస్తుంది, సర్వీసు మాత్రం పాత కాన్ఫిగ్‌తోనే నడుస్తుంటుంది. ఎప్పుడో రీబూట్ అయినప్పుడు ఆ మార్పు హఠాత్తుగా అమల్లోకి వస్తుంది. కాన్ఫిగ్ టాస్కుల వెంటనే ఫ్లష్ హ్యాండ్లర్స్ (వాటిని అక్కడికక్కడే నడిపేది) రాయండి, లేదా ఫోర్స్ హ్యాండ్లర్స్ (టాస్కు ఫెయిలైనా నడిపేది) ఆన్ చేయండి.

తప్పయితే మీకే తలుపులు మూసేసే ఫైళ్లు రెండు: ఎస్ఎస్‌హెచ్ (దూరం నుంచి లాగిన్) కాన్ఫిగ్, సుడోయర్స్ (ఎవరికి అడ్మిన్ అధికారాలో చెప్పేది). వీటి టెంప్లేట్ టాస్కుల్లో వాలిడేట్ (ఫైలు పెట్టే ముందు పరీక్ష) తప్పనిసరి. సుడోయర్స్‌కు విసుడోనూ, ఎస్ఎస్‌హెచ్‌కు దాని సొంత టెస్ట్ ఆప్షన్‌నూ వాడండి. తప్పుంటే ఫైలు అసలు చోటుకే చేరదు. వెబ్ సర్వర్ ఇంజిన్‌ఎక్స్‌కు చెందిన చిన్న ముక్క ఫైళ్లను విడిగా వాలిడేట్ చేయలేం, మొత్తం కాన్ఫిగ్‌ను రీలోడ్‌కు ముందు వేరే టాస్కుతో పరీక్షించాలి. ఎస్ఎస్‌హెచ్‌నో ఫైర్‌వాల్‌నో మారుస్తున్నంతసేపూ ఒక పాత సెషన్‌ను తెరిచే ఉంచండి. కొత్త లాగిన్ పనిచేశాకే దాన్ని మూయాలి.

ఏ సర్వర్ల మీద నడవాలో చెప్పే హోస్ట్స్ దగ్గర ఆల్ అని రాసి, వాటిని కొన్నింటికే పరిమితం చేసే లిమిట్ ఆప్షన్‌ను గుర్తుపెట్టుకుని ఇస్తామనుకోవడం ప్రమాదం. అక్కడ డిఫాల్ట్ లేని వేరియబుల్ పెడితే, గ్రూపు పేరు చెప్పకుండా నడిపినప్పుడు ప్లేబుక్ మొదట్లోనే ఆగిపోతుంది. ప్యాకేజీలకు లేటెస్ట్ వద్దు, వెర్షన్ నంబరు రాయండి. సోమవారం చేసిన బ్యాచ్‌కూ బుధవారం చేసినదానికీ మధ్య కొత్త వెర్షన్ వస్తే సర్వర్లు రెండు రకాలుగా తయారవుతాయి. రన్‌ను ల్యాప్‌టాప్ నుంచి కాకుండా కంట్రోల్ మెషిన్ మీద టీమక్స్‌లో (కనెక్షన్ తెగినా సెషన్‌ను నిలిపే టూల్‌లో) నడపండి, నెట్ పోయినా మధ్యలో తెగదు. లాగ్ పాత్ కూడా పెట్టండి, లేకపోతే ఆన్సిబుల్ ఫైల్‌లో ఏమీ రాసిపెట్టదు.

రన్ చివరి పట్టికలో అన్‌రీచబుల్ (చేరలేకపోయిన సర్వర్) అని ఒక్కటి కనిపించినా వదిలేయకండి. ఆ మెషిన్ పాత కోడ్‌తో లోడ్ బ్యాలెన్సర్ వెనక ఇంకా జవాబులిస్తూ ఉండవచ్చు. 2012 ఆగస్టు 1న అమెరికాలోని నైట్ క్యాపిటల్ అనే ట్రేడింగ్ సంస్థకు జరిగింది ఇదే. ఎనిమిది సర్వర్లలో ఒకదానికి కొత్త కోడ్ ఎక్కలేదు, ఆ ఒక్కదాంట్లో ఏళ్లనాటి పాత కోడ్ మేలుకుంది. సుమారు 45 నిమిషాల్లో 44 కోట్ల డాలర్లకు పైగా నష్టం. అక్కడ కోడ్ పెట్టింది మనుషులు, చేత్తో. టూల్ ఉన్నా ఆ పట్టిక చదవకపోతే ఫలితం అదే. రన్ అయ్యాక ప్రతి సర్వర్‌నూ రిలీజ్ నంబరు అడిగి, అన్నీ ఒకే జవాబిస్తున్నాయో లేదో చూడండి.

క్లౌడ్‌లో సర్వర్లు, డేటాబేస్‌ల వంటి వనరులను కోడ్‌తో సృష్టించే టూల్ టెర్రాఫార్మ్. దాంట్లో ప్లాన్‌ను (చేయబోయే మార్పుల జాబితాను) ఫైల్‌గా సేవ్ చేసి, ఇంకొకరు చదివాక ఆ ఫైల్‌నే అప్లై చేయండి. మధ్యలో స్టేట్ (సృష్టించిన వనరుల రికార్డు) మారిపోతే ఆ ప్లాన్ పాతదని టూలే ఆపుతుంది. చదివేటప్పుడు కళ్లు వెతకాల్సినవి రెండు: చివరి వరుసలో డిస్ట్రాయ్ సంఖ్య, మధ్యలో ఫోర్సెస్ రీప్లేస్‌మెంట్ (కూల్చి కొత్తది కట్టాలి) అనే మాట. అమెజాన్ క్లౌడ్ ఏడబ్ల్యూఎస్‌లో మెషిన్ ఇమేజ్‌ను (సర్వర్‌ను పుట్టించే నమూనాను) మోస్ట్ రీసెంట్ అని తెచ్చుకుంటుంటే, కొత్త ఇమేజ్ విడుదలైన రోజు మీరేమీ మార్చకపోయినా ప్లాన్ సర్వర్లను కూల్చి కట్టమంటుంది. ఇమేజ్ ఐడీని స్థిరంగా రాసేయండి. కౌంట్‌తో (వరుస సంఖ్యలతో గుర్తించే పద్ధతి) జాబితా మీద సృష్టించిన వనరుల్లో మొదటి పేరు తీసేస్తే మిగతావన్నీ ఒక స్థానం ముందుకు జరిగి మార్పులు, కూల్చివేతలు మొదలవుతాయి. ఫర్ ఈచ్ (పేర్లతో గుర్తించే పద్ధతి) మేలు, కానీ మూవ్డ్ బ్లాకులు (పాత గుర్తింపు ఏ కొత్తదయిందో చెప్పేవి) రాయకుండా దానికి మారితే ఉన్నవన్నీ కూలతాయి. రద్దీ వారంలో ఆ జోలికి పోవద్దు.

డేటాబేస్‌కు ప్రివెంట్ డిస్ట్రాయ్ (కూల్చకుండా ఆపే సెట్టింగ్) ఒక్కటే చాలదు. రిసోర్స్ బ్లాకునే ఫైల్‌లోంచి తీసేస్తే దాంతోపాటు ఆ కాపలా కూడా పోతుంది. క్లౌడ్‌లోనే డిలీషన్ ప్రొటెక్షన్ ఆన్ చేయండి. స్టేట్ ఉన్న బకెట్‌కు (క్లౌడ్ నిల్వకు) వెర్షనింగ్ (పాత ప్రతులు దాచడం) ఉండాలి. స్టేట్‌లో పాస్‌వర్డ్‌లు మామూలు అక్షరాల్లోనే ఉంటాయి, కాబట్టి కాపీలు ఎక్కడపడితే అక్కడ పెట్టకండి. స్టేట్‌కు లాక్ (ఇద్దరు ఒకేసారి మార్చకుండా వేసే తాళం) పడి ఉందని కనిపిస్తే అది ఎవరిదో, ఎప్పటిదో ఆ సందేశంలోనే ఉంటుంది. ఆ మనిషికి ఫోన్ చేశాకే ఫోర్స్ అన్‌లాక్.

ఆటోస్కేలింగ్ ఉన్నవారు విడిగా ఒక పరీక్ష చేయాలి. రద్దీ పెరిగినప్పుడు పుట్టే కొత్త సర్వర్ ఇంటర్నెట్ నుంచి ప్యాకేజీలు దింపుకుంటూ కూర్చుంటే, అది సిద్ధమయ్యేలోపు పాతవి కుప్పకూలతాయి. అన్నీ ఎక్కించిన ఇమేజ్‌ను ముందే తయారుచేసి, లాంచ్ టెంప్లేట్‌లో ఆ ఇమేజే ఉందని చూసుకోండి. చేత్తో ఒక సర్వర్‌ను పుట్టించి, మొదటి పేజీ ఇవ్వడానికి ఎన్ని నిమిషాలు పట్టిందో రాసుకోండి.

వెనక్కి వెళ్లే దారిని కూడా గడియారం పెట్టి నడిపి చూడండి. రిలీజ్‌లను వేర్వేరు డైరెక్టరీల్లో ఉంచి సిమ్‌లింక్ (ఏ డైరెక్టరీని వాడాలో చూపేది) మార్చే పద్ధతిలో కోడ్ సెకన్లలో వెనక్కి వెళ్తుంది, డేటాబేస్ కాలమ్ తీసేసిన మార్పు మాత్రం వెళ్లదు. అందుకే ఈ వారం కాలమ్‌లు కొత్తగా చేర్చవచ్చు గానీ తీయవద్దు.

చివరి రన్ ఫలితాలకు కనీసం 48 గంటల ముందు, పగటిపూట ముగించండి. ఆ రోజు తప్పనిసరై చేత్తో ఏదైనా మారిస్తే సర్వర్ పేరు, ఫైలు, పాత విలువ, కొత్త విలువ అక్కడికక్కడే రాసుకోండి. సాయంత్రం ఇంటికి వెళ్లేలోపు అవి గిట్‌లోకి ఎక్కాలి. లేకపోతే వచ్చే సోమవారం రన్ వాటిని తుడిచేస్తుంది.