పెనిమిటి, బిందె, బాకీ: ఆడవాళ్ల బతుకు మీద కవిత రాసే తీరు

ముందు ‘ప్రేమ’, ‘స్త్రీ’, ‘అన్యాయం’ అనే మూడు మాటల్ని పక్కన పెట్టండి. వాటికి బదులు ఒక్క వస్తువును పట్టుకోండి. పాలమూరు వలస అయితే కూలీలను పనికి తీసుకుపోయే గుంపు మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సు, తాళం వేసిన తలుపు, అవ్వ దగ్గర వదిలిన పిల్లలు. నల్లగొండ జిల్లాలో ఫ్లోరైడు నీళ్ల మర్రిగూడ దిక్కు అయితే బిందె. తాగే నీళ్లలో ఫ్లోరైడు లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. దాటిన బోరు నీళ్లు ఏళ్లకేళ్లు తాగితే కీళ్లు బిగుసుకుంటాయి, ఎముకలు వంగుతాయి. ఈ లెక్క కవితలో రాయనక్కర్లేదు, రాసేవాళ్లకు మాత్రం తెలిసుండాలి. కవిత ఆ బిందె మోసే నడుము దగ్గర మొదలవ్వాలి.

గొంతు ఎవరిదో తేల్చుకోండి. ఆమెదైతే ‘నా భర్త’ అనదు, ‘మా పిల్లల నాయిన’ అంటుంది. ‘నేను’ అని మొదలై నడుమ ‘ఆమె’ అయిపోతే కవిత చెడుతుంది. చాలా కవితలు పాడయ్యేది ఇక్కడే. ప్రేమను కోపంతో కలిపే రాయండి: వలస పోయిన పెనిమిటి పంపిన పైసలు బాకీకే పోయినా, ఫోన్‌లో ‘తిన్నవా’ అని అడిగిన మాట ఆమెకు మిగులుతుంది.

లయ కోసం బతుకమ్మ పాటను పైకి పాడండి. ‘ఉయ్యాలో’ పడేచోట ఊపిరి ఆగుతుంది. పాదాన్ని అలాంటి చోటే విరవండి.

30 పాదాలు రాసి, మూడు రోజులాగి, 20కి కోయండి. చివరి రెండు సాధారణంగా నినాదాలే, ముందు అవే పోవాలి. నిజమైన మనిషి బతుకైతే పేరు, ఊరు మార్చి, ఆమెకు చదివి వినిపించి, ఒప్పుకున్నాకే అచ్చుకు పంపండి.